జ్వరం దిగిన రోజే జాగ్రత్త: డెంగీ వైరస్ మన ఒంట్లో ఏం చేస్తుంది?

(విద్యార్థులు, తల్లిదండ్రుల కోసం ఒక డిగ్రీ కళాశాలలో జరిగిన ఆరోగ్య సదస్సులో ఒక జనరల్ ఫిజీషియన్ ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకు, ఇంత వానలో కూడా వచ్చిన తల్లిదండ్రులకు, విద్యార్థులకు నా కృతజ్ఞతలు.

వైరస్‌ల గురించి, అవి ప్రాణుల శరీరంలో చేసే మార్పుల గురించి మాట్లాడమన్నారు. అన్ని వైరస్‌ల గురించీ ఒక గంటలో చెప్పబోతే ఏదీ సరిగ్గా చెప్పినట్టు ఉండదు. అందుకని ఒక్కదాన్నే తీసుకుంటాను. వానలు మొదలైనప్పటి నుంచి చలి ముదిరేదాకా మన ఊళ్లలో ప్రతి వీధికీ పరిచయమున్న డెంగీ.

డెంగీ అనగానే మన ఇళ్లలో వినిపించే మొదటి మాట, "ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయి?" బంధువులు ఫోన్ చేసి అడిగేది అదే, వాట్సాప్‌లో తిరిగేది అదే. లక్షా ఇరవై వేలంటే ఒక టెన్షన్, ఎనభై వేలంటే ఇంకో టెన్షన్. నలభై వేలకు పడిపోయాయంటే ఇంట్లో ఏడుపులు మొదలు. కానీ డెంగీలో మనిషి ప్రాణం మీదికి తెచ్చేది చాలావరకు ప్లేట్‌లెట్లు తగ్గడం కాదు, రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోవడం. అది కూడా జ్వరం 104 మీద ఉన్నప్పుడు జరగదు. జ్వరం దిగి, "హమ్మయ్య, తగ్గిపోయింది" అని ఇంట్లోవాళ్లు అనుకున్న రోజున జరుగుతుంది. అలా ఎందుకు జరుగుతుందో మీకు అర్థమయ్యేలా చెప్పాలన్నదే నా ప్రయత్నం. ఎందుకో తెలిస్తే ఎప్పుడు కంగారు పడాలో, ఎప్పుడు అక్కర్లేదో మీకే తెలుస్తుంది.

ముందు వైరస్ సంగతి చూద్దాం. డెంగీ వైరస్ అడ్డుకొలత సుమారు 50 నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో ఇరవై వేలో వంతు. లోపల ఉన్నది ఒకే ఒక్క ఆర్‌ఎన్‌ఏ పోగు, దాని మీద సుమారు 11,000 అక్షరాలు. మన డీఎన్‌ఏలో అలాంటివి 300 కోట్లు ఉంటాయి. ఆ పదకొండు వేల అక్షరాలతో అది తయారు చేయించుకోగలిగేది పది ప్రొటీన్లు. మూడు ప్రొటీన్లు వైరస్ ఒంటిని కట్టడానికి, మిగతా ఏడు కణం లోపల పని నడిపించడానికి. అంతే. ఆ పది ప్రొటీన్లతోనే అయిదున్నర అడుగుల మనిషిని మంచాన పడేస్తుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు ఇది ఆశ్చర్యంగానే ఉంటుంది.

వైరస్‌కు ఊపిరి లేదు, ఆకలి లేదు. సొంతంగా శక్తి తయారు చేసుకోలేదు. బతికున్న కణంలోకి చేరితేనే దానికి ఉనికి. మన కణాల్లో రైబోజోములు ఉంటాయని మీరు ఇంటర్‌లో చదివే ఉంటారు. ఆర్‌ఎన్‌ఏలో ఏం రాసుంటే ఆ ప్రొటీన్ తయారు చేయడం వాటి పని. ఆ ఆర్‌ఎన్‌ఏ ఎక్కడి నుంచి వచ్చిందన్న విచారణ వాటికి లేదు. డెంగీ ఆర్‌ఎన్‌ఏ నేరుగా చదవడానికి వీలైన రకం. అందుకని కణంలోకి రాగానే రైబోజోములు దాన్ని పట్టుకుని పొడవాటి ప్రొటీన్ గొలుసు ఒకటి తయారు చేస్తాయి. ఆ గొలుసు పది ముక్కలవుతుంది. ఆ ముక్కలే వైరస్ ఆర్‌ఎన్‌ఏకు నకళ్లు తీయడం మొదలుపెడతాయి. కొన్ని గంటల్లో ఆ కణం తన పని మానేసి వైరస్ పని చేస్తుంటుంది.

ఈ వైరస్ రెండు రకాల ప్రాణుల్లో బతుకుతుంది, దోమలోనూ మనిషిలోనూ. ఒకే వైరస్ ఈ రెంటిలో ఎంత వేరుగా నడుచుకుంటుందో చూడండి. దోమ అంటే ఏ దోమైనా కాదు, ఈడిస్ ఈజిప్టి. నల్లటి ఒళ్లు, కాళ్ల మీద తెల్లని చారలు. పగటిపూట కుడుతుంది. ముఖ్యంగా పొద్దెక్కుతున్న వేళ, మళ్లీ పొద్దుగుంకే ముందు. కుట్టేది ఆడ దోమే, గుడ్లు పెట్టడానికి దానికి రక్తం కావాలి. డెంగీ ఉన్న మనిషి రక్తం తాగినప్పుడు వైరస్ దాని పేగు గోడల కణాల్లోకి వెళ్తుంది. అక్కడ పెరిగి, ఒంట్లోకి పాకి, చివరికి లాలాజల గ్రంథుల్లోకి చేరుతుంది. దీనికి సాధారణంగా 8 నుంచి 12 రోజులు పడుతుంది. ఇక ఆ దోమ బతికినన్నాళ్లూ కుట్టినప్పుడల్లా వైరస్‌ను వదులుతూనే ఉంటుంది.

మరి దోమకు జబ్బు చేయదా? చెప్పుకోదగ్గంత ఏమీ కాదు. దోమ కణాల్లో వైరస్ ఆర్‌ఎన్‌ఏను గుర్తుపట్టి ముక్కలు చేసే ఏర్పాటు ఉంది. అది వైరస్‌ను పూర్తిగా తుడిచేయదు, అదుపులో మాత్రం ఉంచుతుంది. దోమ దాన్ని వదిలించుకోలేదు, అది దోమను పడగొట్టదు. చచ్చిపోయిన దోమ ఇంకొకరిని కుట్టలేదు కాబట్టి వైరస్‌కు కూడా ఈ రాజీయే లాభం.

2022లో చైనా పరిశోధకులు ఒక విషయం బయటపెట్టారు. డెంగీ సోకిన ఎలుకల చర్మం మీద కొన్ని రకాల బ్యాక్టీరియా బాగా పెరుగుతాయి, వాటి వల్ల అసిటోఫినోన్ అనే వాసన ఎక్కువగా వస్తుంది, ఆ వాసనకు దోమలు ఆకర్షణ పొందుతాయి. మామూలుగా చర్మం మీద ఆ బ్యాక్టీరియాను అణిచి ఉంచే ప్రొటీన్ ఒకటుంది. వైరస్ సోకితే దాని ఉత్పత్తి తగ్గిపోతుంది. డెంగీ రోగుల చంకల నుంచి సేకరించిన వాసనకు కూడా దోమలు ఎక్కువగా వచ్చాయి. అంటే వైరస్ మన రక్తంలో ఉంటూనే, మన చర్మం వాసన మార్చి, తనను మోసుకుపోయే దోమను పిలుచుకుంటోంది. అందుకే జ్వరంతో పడుకున్న మనిషికి పగటిపూట కూడా దోమతెర కట్టమని చెబుతాం. ఆ దోమతెర రోగి కోసం కంటే ఇంట్లో మిగతావాళ్ల కోసం.

ఇక మన ఒంట్లోకి వద్దాం. దోమ కుట్టినప్పుడు లాలాజలంతో పాటు వైరస్ చర్మంలోకి దిగుతుంది. చర్మంలో డెండ్రిటిక్ కణాలు ఉంటాయి. బయటి నుంచి ఏ క్రిమి వచ్చినా పట్టుకుని, దగ్గరలోని లింఫు గ్రంథికి తీసుకెళ్లి, రోగనిరోధక వ్యవస్థకు చూపించడం వాటి పని. డెంగీ వైరస్ ముందుగా దూరేది సరిగ్గా ఆ కణాల్లోకే. దాన్ని పట్టివ్వాల్సిన కణమే దాన్ని లింఫు గ్రంథి దాకా మోసుకెళ్తుంది. అక్కడి నుంచి మోనోసైట్లు, మాక్రోఫేజ్‌లు అనే తెల్లకణాల్లోకి, ఆపైన రక్తంలోకి పాకుతుంది. కుట్టిన నాలుగు నుంచి పది రోజులకు జ్వరం వస్తుంది. అది కూడా అందరికీ రాదు. డెంగీ సోకిన ప్రతి నలుగురిలో సుమారు ముగ్గురికి ఏమీ తెలియనే తెలియదు, లేదా ఏదో నలతగా ఉందనుకుని వదిలేస్తారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

జ్వరం వైరస్ నేరుగా తెచ్చేది కాదు, మన శరీరం తెచ్చుకునేది. వైరస్ సోకిన తెల్లకణాలు సైటోకైన్లు అనే రసాయనాలు వదులుతాయి. వాటి ప్రభావంతో ప్రోస్టాగ్లాండిన్ తయారై, మెదడులో హైపోథాలమస్ అనే చోట శరీరం ఎంత వేడిగా ఉండాలన్న లెక్కను పైకి జరుపుతుంది. 98.6 దగ్గర ఉండాల్సిన లెక్క 103కు మారితే, అప్పటిదాకా మామూలుగా ఉన్న ఒళ్లు మెదడుకు చల్లగా ఉన్నట్టు అనిపిస్తుంది. అందుకే చలి, వణుకు, రెండు దుప్పట్లు. పారాసిటమాల్ ఆ ప్రోస్టాగ్లాండిన్‌ను తగ్గిస్తుంది, వైరస్‌ను ఏమీ చేయదు. ఒళ్లునొప్పులు, కళ్ల వెనక నొప్పి, కీళ్ల పోటు, ఇవన్నీ ఈ పోరాటంలో భాగమే.

లోపల ఇంకొన్ని జరుగుతుంటాయి. ఎముక మూలుగలో రక్తకణాల తయారీ కొన్నాళ్లు మందగిస్తుంది. రక్తకణాల లెక్క చెప్పే సీబీపీ రిపోర్టులో ముందుగా తగ్గేది తెల్లకణాలు, ఆ తర్వాత ప్లేట్‌లెట్లు. కాలేయం వాస్తుంది, అది దెబ్బతింటోందని చెప్పే ఎస్‌జీఓటీ అనే ఎంజైము రక్తంలో పెరుగుతుంది. ఆకలి పోతుంది, వాంతులవుతాయి. ఇక్కడిదాకా వచ్చిన చాలామంది తమంతట తామే కోలుకుంటారు.

అసలు సంగతి మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్యలో ఉంటుంది. అప్పటికి మన రోగనిరోధక వ్యవస్థ వైరస్‌ను అదుపులోకి తెస్తుంది. రక్తంలో వైరస్ తగ్గుతుంది కాబట్టి జ్వరం కూడా దిగుతుంది. కానీ ఆ పోరాటంలో పుట్టిన సైటోకైన్లు, వైరస్ సోకిన కణాలు వదిలిన ఒక ప్రొటీన్ రక్తంలోనే ఉంటాయి. ఆ ప్రొటీన్ పేరు ఎన్‌ఎస్‌1. మీరు ల్యాబ్‌లో మొదటి అయిదు రోజుల్లో చేయించే డెంగీ పరీక్ష వెతికేది దీన్నే.

మన రక్తనాళాల లోపలి గోడ ఒకే వరస కణాలతో ఉంటుంది. ఆ కణాల మీద చక్కెర పదార్థాలతో అల్లిన సన్నని పొర ఒకటుంది, గ్లైకోకేలిక్స్ అంటాం. రక్తంలోని నీరు, అల్బుమిన్ అనే ప్రొటీన్ అనవసరంగా బయటికి పోకుండా ఆపడంలో ఆ పొరది పెద్ద పాత్ర. ఎన్‌ఎస్‌1 వెళ్లి ఆ గోడకు అంటుకుంటే, గోడ కణాల్లోని ఎంజైములే మేలుకుని ఆ పొరను కొరికేస్తాయి. 2015లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఎవరికి వాళ్లుగా ఈ దారిలో పెద్ద అడుగు వేశారు. వైరస్ అసలు లేకుండా ఎన్‌ఎస్‌1 ఒక్కటే ఉన్నా రక్తనాళాల నుంచి నీరు కారుతుందని వాళ్ల ప్రయోగాల్లో తేలింది. ఒక్క ప్రొటీన్!

ఈ కారడం ఎలాంటిదో చెబుతాను. పెరుగును పలుచని గుడ్డలో మూటగట్టి వేలాడదీస్తే నీరు బొట్లు బొట్లుగా కారిపోతుంది, మూటలో పెరుగు గట్టిపడుతుంది. డెంగీలో మన రక్తనాళాల పరిస్థితి అదే. నీరు, ఉప్పు, అల్బుమిన్ గోడలోంచి బయటికి పోతాయి. ఎర్రకణాలు పెద్దవి కాబట్టి లోపలే ఉండిపోతాయి. రక్తం చిక్కబడుతుంది. బయటికి పోయిన నీరు పొట్టలో, ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది. స్కానింగ్‌లో 'పొట్టలో నీరు చేరింది, పిత్తాశయం గోడ వాచింది' అని రాసేది దీన్నే. చుక్క రక్తం బయట పడకుండానే మనిషి ఒంట్లో తిరిగే రక్తం పరిమాణం తగ్గిపోతుంది.

రక్తం చిక్కబడిందని ఎలా తెలుస్తుంది? సీబీపీ కాగితంలో పీసీవీ అని ఒక వరస ఉంటుంది, కొన్నిచోట్ల హెమటోక్రిట్ అని రాస్తారు. రక్తంలో ఎర్రకణాల వాటా ఎంతో అది చెబుతుంది. దయచేసి ఇకమీదట ఆ కాగితం చేతికి రాగానే ముందు ఆ వరస చూడండి. జ్వరం వచ్చిన మొదట్లో 40 ఉన్నది అయిదో రోజుకు 48 అయిందంటే 20 శాతం పెరిగినట్టు. అంటే లోపల నీరు బాగా కారుతోందని అర్థం. అందుకే మొదటి రోజుల్లో ఒకసారి సీబీపీ చేయించి, కాగితం పారేయకుండా దాచుకోమంటాం. పోల్చుకోవడానికి మొదటి అంకె లేకపోతే రెండో అంకె చూసి మాకు తెలిసేది తక్కువ.

ఇప్పుడు గుండె, నాళాలు ఏం చేస్తాయో చూడండి. రక్తం తగ్గుతున్న కొద్దీ శరీరం ఆడ్రినలిన్ వదులుతుంది. గుండె వేగం పెరుగుతుంది. చేతులు, కాళ్లు, చర్మం, పేగులు, మూత్రపిండాలకు వెళ్లే నాళాలు బిగుసుకుంటాయి. ఉన్న రక్తాన్ని మెదడుకు, గుండెకు మిగల్చడానికి శరీరం చేసే ఏర్పాటు అది. అందుకే అరచేతులు, పాదాలు చల్లబడతాయి, మూత్రం తగ్గుతుంది. బీపీలో పై అంకె చాలాసేపు నిలబడే ఉంటుంది, కింది అంకె మాత్రం పైకి జరుగుతుంది. 110/70 ఉన్న కుర్రాడికి 100/85 వచ్చిందనుకోండి. వందే కదా, బాగానే ఉందనిపిస్తుంది. కానీ రెండు అంకెల మధ్య తేడా 15కు పడిపోయింది. ఆ తేడా 20 లేదా అంతకంటే తక్కువైతే షాక్, అంటే అవయవాలకు సరిపడా రక్తం అందని స్థితి, అప్పటికే మొదలైనట్టే.

అన్నిటికంటే మోసం చేసేది ఏమిటంటే, మెదడుకు రక్తం అందుతూనే ఉంటుంది కాబట్టి మనిషి స్పష్టంగా మాట్లాడుతూనే ఉంటాడు. "బానే ఉన్నాడు సార్, ఇప్పుడే ఫోన్ కూడా చూసుకున్నాడు" అంటారు ఇంట్లోవాళ్లు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. జ్వరం లేదు, మాట బాగుంది, ఒళ్లు చల్లగా ఉంది. ఒళ్లు చల్లగా ఉండటమే అక్కడ ప్రమాదమని వాళ్లకు ఎవరూ చెప్పలేదు, అంతే. శరీరం ఆ ఏర్పాటును కొంతవరకే మోయగలదు. అది చేతులెత్తేసిందంటే బీపీ ఒక్కసారిగా కూలిపోతుంది. ముఖ్యంగా పిల్లల్లో గంటల మీద జరిగిపోతుంది. మనం చేతికి అందిన బిడ్డలను పోగొట్టుకునేది ఈ గంటల్లోనే. అది తప్పించగలిగినది కాబట్టే నాకు ఇంత బాధ.

కాబట్టి జ్వరం దిగిన తర్వాతి రెండు రోజులు మంచం పక్కనే ఉండండి. కడుపులో ఆగకుండా నొప్పి, పదే పదే వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, నల్లటి విరేచనం, మనిషి బాగా నీరసించి మత్తుగా పడుకోవడం లేదా ఊరికే చిరాకు పడుతూ దొర్లడం, ఆరు గంటలైనా మూత్రం రాకపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అది తెల్లవారేదాకా ఆగే పని కాదు, అర్ధరాత్రైనా ఆసుపత్రికి వెళ్లాలి. వీటితో పాటు చేతులు పట్టుకుని చూడండి. జ్వరం లేకపోయినా చల్లగా, చెమటగా ఉంటే అప్పుడే బయల్దేరండి.

మరి ప్లేట్‌లెట్ల మాటేమిటి? అవి తగ్గడానికి కారణాలు చాలా ఉన్నాయి. మూలుగలో తయారీ తగ్గడం ఒకటి, వైరస్‌ను పట్టుకోవడానికి శరీరం తయారు చేసుకునే యాంటీబాడీలు అనే ప్రొటీన్లే రక్తంలో ఉన్న ప్లేట్‌లెట్లను నాశనం చేయడం ఇంకొకటి. వేగంగా పడిపోతుంటే వ్యాధి తీవ్రమవుతోందనడానికి అదొక సూచన, దాన్ని కాదనను. కానీ ఆ అంకె 20 వేలకు పడినా రక్తస్రావం లేకుండా లేచి ఇంటికి వెళ్లేవాళ్లే ఎక్కువ. సింగపూర్, మలేషియాల్లో ప్లేట్‌లెట్లు 20 వేలకు తగ్గిన పెద్దవాళ్లను రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి ముందు జాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించి, ఇంకో వర్గానికి ఎక్కించకుండా చూశారు. 2017లో వచ్చిన ఆ ఫలితాల్లో, ఎక్కించినందువల్ల రక్తస్రావం తగ్గలేదు, పైగా ఎక్కించినవాళ్లలో దుష్ప్రభావాలు ఎక్కువ కనిపించాయి. నిజంగా రక్తం పోతుంటే ఎక్కించాలి, అందులో వాదన లేదు. అంకె చూసి భయంతో బ్లడ్ బ్యాంకుల చుట్టూ రాత్రంతా తిరగడం వేరు.

పెద్ద రక్తస్రావం చాలాసార్లు ఎక్కడ మొదలవుతుందో తెలుసా? షాక్‌ను గుర్తించకుండా గంటల తరబడి వదిలేసిన తర్వాత. రక్తం అందక పేగులు, కాలేయం దెబ్బతిని, రక్తం గడ్డకట్టే ఏర్పాటంతా చెదిరిపోయి, అప్పుడు రక్తం పోవడం మొదలవుతుంది. అంటే అక్కడ కూడా మూలం నీరు కారడంలోనే ఉంది.

బొప్పాయి ఆకు రసం గురించి ఎలాగూ అడుగుతారు. దానితో ప్లేట్‌లెట్లు కొంచెం త్వరగా పెరిగాయని కొన్ని చిన్న అధ్యయనాలు ఉన్నాయి. కారడం ఆగిందని గానీ ప్రాణాలు నిలిచాయని గానీ రుజువు లేదు. పైగా అసలే వాంతులవుతున్న మనిషికి ఆ చేదు పట్టిస్తే లోపల ఉన్న నాలుగు గుక్కల నీళ్లూ బయటికి వస్తాయి. దాని బదులు ఆ గ్లాసులో గంజి పొయ్యండి.

ఇప్పుడు ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట దగ్గరికి, అంటే డెంగీ సోకినా చాలామందికి తెలియదన్న దగ్గరికి వద్దాం. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒక రకం సోకితే దాని నుంచి జీవితాంతం రక్షణ వస్తుంది, మిగతా మూడింటి నుంచి కొన్ని నెలలే. ఆ తర్వాత ఇంకో రకం సోకితే, పాత యాంటీబాడీలు కొత్త వైరస్‌కు అంటుకుంటాయి కానీ దాన్ని పనికిరాకుండా చేయలేవు. యాంటీబాడీ అంటుకున్న వస్తువును మాక్రోఫేజ్‌లు లోపలికి లాక్కుంటాయి, అది వాటి స్వభావం. ఆ దారిన వైరస్ తనకు కావలసిన కణంలోకి ఇంకా సులువుగా చేరిపోతుంది. 1960లలో బ్యాంకాక్ పిల్లల్లో ఈ తీరును గమనించి చెప్పినవాడు స్కాట్ హాల్‌స్టెడ్ అనే అమెరికన్ వైద్యుడు. తీవ్రమైన డెంగీ రెండోసారి సోకినవాళ్లలోనే ఎక్కువగా రావడం ఆయన చూశారు. మరి ఏడాది నిండని పిల్లల్లో మొదటిసారికే ఎందుకు వస్తోంది? తల్లి నుంచి గర్భంలో వచ్చిన యాంటీబాడీలు వాళ్లలో ఉంటాయి కాబట్టి.

దీనికి పెద్ద సాక్ష్యం క్యూబా ఇచ్చింది. 1977లో అక్కడ మొదటి రకం డెంగీ దేశమంతా పాకింది, అయినా ప్రాణనష్టం పెద్దగా లేదు. 1981లో రెండో రకం వచ్చింది. కొద్ది నెలల్లో 3,44,000కు పైగా కేసులు, 158 మరణాలు. చనిపోయినవాళ్లలో 101 మంది పిల్లలు. ఆ తర్వాత క్యూబా దోమలను గట్టిగా అణిచింది, చాలా ఏళ్లు డెంగీ కనిపించలేదు. 1997లో సాంటియాగో నగరంలో మళ్లీ రెండో రకం తలెత్తింది. ఈసారి తీవ్రంగా జబ్బుపడినవాళ్లు దాదాపు అంతా పెద్దవాళ్లే, అంటే ఇరవై ఏళ్ల కిందటి మొదటి రకం సోకినవాళ్లు. ఆ తర్వాత పుట్టిన పిల్లలకు డెంగీ సోకినా తీవ్రం కాలేదు. ఇరవై ఏళ్ల కిందటి యాంటీబాడీ కూడా మరిచిపోలేదన్నమాట.

ఇది మనకెందుకంటే, 2017-18లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దేశమంతా 5 నుంచి 45 ఏళ్ల వాళ్ల రక్తం పరీక్షించింది. దక్షిణ భారతంలో 76.9 శాతం మందిలో డెంగీ సోకిన గుర్తులు కనిపించాయి. ఈ హాల్లో కూర్చున్న నలుగురిలో ముగ్గురికి బహుశా ఎప్పుడో వచ్చిపోయింది, వాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియదు. "నాకు ఇదే మొదటిసారి సార్" అని మీరు చెప్పినా నేను రెండోసారేమో అనుకునే చూస్తాను.

వ్యాక్సిన్ ఆలస్యం కావడానికి కారణం కూడా ఇదే. 2016లో ఫిలిప్పీన్స్‌లో డెంగ్‌వాక్సియా అనే టీకాను ఎనిమిది లక్షలకు పైగా పిల్లలకు వేశారు. అంతకుముందు డెంగీ సోకని పిల్లలకు ఆ టీకాయే మొదటిసారి సోకినట్టుగా పనిచేసి, తర్వాత అసలు వైరస్ వచ్చినప్పుడు జబ్బు తీవ్రం కావచ్చని 2017 నవంబరులో తయారీ సంస్థే ప్రకటించింది. కార్యక్రమం ఆగిపోయింది. ఇప్పుడు క్యూడెంగా అనే ఇంకో టీకా కొన్ని దేశాల్లో వాడుకలో ఉంది, దాన్ని పెద్ద ఎత్తున తయారు చేయడానికి హైదరాబాద్‌లోని బయలాజికల్-ఇ 2024లో ఒప్పందం చేసుకుంది. మన దేశంలో తయారైన ఒక్క డోసు టీకా మీద ఐసీఎంఆర్ ఆధ్వర్యంలో మూడో దశ పరీక్షలు 2024 ఆగస్టులో మొదలయ్యాయి. ఈ విషయంలో తొందరపడకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఫిలిప్పీన్స్‌లో ఆ తర్వాత మిగతా టీకాల మీద కూడా జనానికి నమ్మకం సడలింది.

చికిత్స గురించి. ఈ వైరస్‌ను చంపే మందు ఇంకా లేదు. యాంటీబయాటిక్ పనిచేయదు, స్టెరాయిడ్ పనిచేయదు. పనిచేసేది నీరు, సరైన సమయంలో సరైనంత. తాగగలిగినంతకాలం నోటి ద్వారానే ఇవ్వాలి. ఓఆర్‌ఎస్, గంజి, ఉప్పు వేసిన మజ్జిగ, కొబ్బరినీళ్లు, పప్పు కట్టు. ఉత్త మంచినీళ్లు మాత్రమే కాదు, ఉప్పు కూడా పోవాలి. మూత్రం రోజుకు నాలుగు నుంచి ఆరుసార్లు వస్తుంటే తాగుతున్నది సరిపోతోందని లెక్క. తాగలేకపోతే సెలైన్. దాన్ని పీసీవీ, బీపీ, మూత్రం చూసుకుంటూ గంటగంటకూ మార్చాలి. ఇలా జాగ్రత్తగా చూసుకుంటే తీవ్రమైన డెంగీలో కూడా మరణాలు నూటికి ఒకటి కంటే తక్కువకు దిగుతాయి. పట్టించుకోకపోతే నూటికి ఇరవై దాకా పోవచ్చు. ఈ తేడా తెచ్చేది ఖరీదైన ఇంజెక్షన్ కాదు, పక్కన నిలబడి గంటగంటకూ నాడి పట్టుకుని చూసే నర్సు.

ఎక్కువ సెలైన్ కూడా ప్రమాదమే. కారడం 24 నుంచి 48 గంటల్లో ఆగిపోతుంది. ఆ తర్వాత బయటికి పోయిన నీరంతా తిరిగి రక్తంలోకి వస్తుంది. అప్పుడు కూడా సెలైన్ నడుస్తుంటే ఊపిరితిత్తుల్లో నీరు నిండుతుంది, ఆయాసం వస్తుంది. "నీరసంగా ఉన్నాడు, ఇంకో రెండు బాటిళ్లు ఎక్కించండి" అని డాక్టరును ఒత్తిడి పెట్టకండి. ఆ నీరసానికి సెలైన్ మందు కాదు. కొన్ని వారాలు పడుతుంది, తిండి, నిద్రతో పోతుంది. ఆ సమయంలో ఒళ్లంతా ఎర్రబడి, మధ్యమధ్యలో తెల్లటి మచ్చలతో దురద వస్తే భయపడకండి, అది కోలుకుంటున్న గుర్తు.

ఒక ముఖ్యమైన మాట. జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఇంకేదీ వద్దు. అది కూడా డాక్టరు చెప్పిన మోతాదులోనే, ఎందుకంటే కాలేయం అప్పటికే వాచి ఉంటుంది. ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వద్దు. ఒళ్లునొప్పులు తట్టుకోలేక 'ఒక్క సూది వెయ్యండి' అని అడిగి వేయించుకుంటారు. ఆ నొప్పి సూది ప్లేట్‌లెట్ల పనిని ఇంకా చెడగొడుతుంది, కడుపులో పుండు చేసి రక్తం కారేలా చేస్తుంది. ఆసుపత్రికి ఆలస్యంగా, విషమించి వచ్చిన కేసుల్లో ఈ సూది కథ నేను చాలాసార్లు విన్నాను.

దోమల విషయం మీకు తెలిసినదే కాబట్టి తొందరగా ముగిస్తాను. ఈ దోమ మురుగులో పుట్టదు, మన ఇంటి మంచినీళ్లలో పుడుతుంది. కూలర్, తొట్టి, మూతలేని సంపు, పూలకుండీ కింది పళ్లెం, పాత టైరు. గుడ్లు నీటి అంచున గోడకు అంటుకుంటాయి, ఎండినా నెలల తరబడి బతుకుతాయి, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. అందుకని తొట్టిలో నీళ్లు పారబోస్తే చాలదు, గోడలు పీచుతో రుద్ది కడగాలి, వారానికోసారి. ఫాగింగ్ బండి పొగ వీధిలో ఉంటుంది, ఈ దోమ మీ మంచం కింద ఉంటుంది. ఇండోనేషియాలోని యోగ్యకార్తాలో వోల్బాకియా అనే బ్యాక్టీరియా ఉన్న దోమలను వదిలితే ఆ ప్రాంతాల్లో డెంగీ 77 శాతం తగ్గిందని 2021లో ప్రచురించారు. దోమ ఒంట్లో ఆ బ్యాక్టీరియా ఉంటే వైరస్ సరిగ్గా పెరగదు. పుదుచ్చేరిలోని ఐసీఎంఆర్ కేంద్రం కూడా అలాంటి దోమలను తయారు చేసింది. అవి మన ఊరికి వచ్చేదాకా పీచు, చీపురే.

సమయం అయిపోయింది. ఒక చీటీ వచ్చింది, దానికి జవాబు చెప్పి ఆపుతాను. ఒక అమ్మ రాశారు. "నాకు రెండేళ్ల కిందట డెంగీ వచ్చింది. మా పాపకు ఏడో నెల. నా యాంటీబాడీల వల్ల పాపకు ప్రమాదమంటున్నారు కదా, పాలు మాన్పించాలా?"

వద్దమ్మా, మాన్పించకండి. నేను చెప్పిన యాంటీబాడీలు పాల ద్వారా వచ్చేవి కావు, పుట్టకముందే మాయ ద్వారా పాప రక్తంలోకి వచ్చినవి. మొదటి కొన్ని నెలలు అవి పాపను కాపాడతాయి. ఆ తర్వాత తగ్గిపోతూ, వైరస్‌ను ఆపడానికి చాలనంతగా, దానికి సహకరించడానికి మాత్రం సరిపోయేంతగా మిగిలే కాలం ఒకటుంది. ఎక్కువగా ఆరు నుంచి తొమ్మిది నెలల మధ్య. ఏడాది నిండేసరికి దాదాపు పోతాయి. కాబట్టి ఈ సీజన్‌లో పాపకు జ్వరం వస్తే మూడో రోజు దాకా చూద్దామని ఆగకండి, మొదటి రోజే పిల్లల డాక్టరుకు చూపించి, మీకు వచ్చిన డెంగీ సంగతి కూడా చెప్పండి. పగలు పడుకున్నప్పుడు దోమతెర వెయ్యండి. పాలు మామూలు కంటే ఎక్కువసార్లు పట్టండి. డైపర్లు ఎన్ని తడుస్తున్నాయో లెక్కపెట్టుకుని, డాక్టరు అడిగితే ఆ లెక్క చెప్పండి.